కనిపెట్టుకొని ఉండడం

సైదాబాద్‌లో ఒక బస్తీ. పొద్దున్నే నల్లా వచ్చింది. ఆడవాళ్లంతా బిందెలతో వరుసగా నిలబడ్డారు. రోజూ అందరికన్నా ముందు వచ్చే అవ్వ ఆ రోజు రాలేదు. ఒక కోడలు ఆ సంగతి కనిపెట్టింది. బిందె పక్కన పెట్టి, పోయి అవ్వ తలుపు తట్టింది.

"అవ్వా, నీళ్లకు రాకపోతివి. పానం మంచిగ లేదా?"

"జరమొచ్చింది బిడ్డా, లేస్తలేను."

ఆమె అవ్వ బిందె కూడా నింపి తెచ్చింది. పక్కింటామెను తోడు పిలిచి అవ్వను దవాఖానకు తీసుకుపోయింది.

"కని" అంటే చూసి. "కనిపెట్టడం" అంటే గమనించి తెలుసుకోవడం. దొంగను కనిపెట్టారు అంటాం. కొత్త మందు కనిపెట్టారు అంటాం. "కనిపెట్టుకొని ఉండడం" అంటే ఇంకొంచెం ఎక్కువ. ఒకరిని చూసుకుంటూ, అవసరానికి ఆదుకోవడం. "బాలింతను కనిపెట్టుకొని ఉండు" అని పెద్దలు చెప్పేది ఇందుకే.

తెలంగాణలో దీన్నే "అర్సుకొనుడు" అంటారు. "అరయు" అనే పాత మాట నుంచి వచ్చింది. చూడటం, మంచిచెడులు విచారించడం రెండూ ఆ మాటలో ఉన్నాయి. సైదాబాద్‌లో ఉర్దూ మాట్లాడేవారు "ఖయాల్ రఖ్‌నా" అంటారు. ఖయాల్ అంటే ఆలోచన. ఎదుటి మనిషిని మనసులో ఉంచుకోవడం అన్నమాట.

ఇంకొకరి ఇంటి గుట్టు ఆరా తీసి నల్లా దగ్గర చెప్పుకోవడం కనిపెట్టుకొని ఉండడం కాదు. అలాగే, పక్కింటి చెల్లె చెయ్యి కమిలితే చూసి కూడా "వాళ్లింటి గొడవ మనకెందుకు" అని ఊరుకోవడమూ కాదు. ఆమెను ఒంటరిగా కలిసి, మెల్లగా అడగాలి. ఆమె చెప్పింది నలుగురిలో పెట్టకూడదు. సాయం కావాలంటే 181 నంబరుకు ఫోన్ చేయవచ్చని చెప్పాలి. అది ఆడవాళ్లకు సాయం చేసే ఫోన్ నంబరు.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు రాత్రి బడిలో చదువుకున్నారు. సారా వల్ల పడే బాధ ఎవరికి వారు ఇంట్లోనే దిగమింగుతూ ఉండేవారు. పాఠం చదివి మాట్లాడుకున్నాక, అది అన్ని ఇళ్ల బాధ అని కనిపెట్టారు. ఒకరికొకరు తోడుగా నిలిచారు. ఊళ్లో సారా అమ్మనివ్వలేదు. ఆ పోరాటం ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో సారాను నిషేధించారు.

ఆలోచించండి: రోజూ కనిపించేవారిలో ఈ రోజు మీ గల్లీలో ఎవరు కనిపించలేదు? వాళ్ల తలుపు ఎవరైనా తట్టారా?