తొలకరికి ముందే గొంతువాపు టీకా ఎందుకు?

తొలకరి జల్లులు పడి రైతులు అరకలు కట్టు రోజులలోనే గొంతువాపు రోగము పశువుల పాకలో అడుగుపెట్టును. సాయంత్రము మేతమేసి నెమరువేసిన గేదె మరునాటికి గురకపెట్టుచు పడిపోవును. అందుచేతనే దీనిని గురకవ్యాధి అనియు పిలుతురు. ఆవులు, ఎద్దులకన్న గేదెలకు ఈ రోగము ఎక్కువ ప్రమాదకరము. అందును ఆరుమాసములు మొదలు రెండు సంవత్సరముల వయసు దూడలు, పడ్డలు ఎక్కువగా దీని వాతబడును.

ఒక గ్రామములో టీకాల సంగతి చెప్పుచుండగా ఒక పెద్ద రైతు నన్నిట్లు అడిగెను: “అయ్యా, నా గేదె మేస్తూనే ఉంది, పాలిస్తూనే ఉంది. జబ్బులేని గొడ్డుకు సూదెందుకండీ? సూది వేయిస్తే రెండు పూటలు పాలు తగ్గుతాయి. జబ్బొచ్చిననాడు కబురు చేస్తాం, అప్పుడు వేయించండి.” ఇది చాలమంది రైతుల మనసులోని మాటయే. దీనికి జవాబు పశువు శరీరములోనే ఉన్నది.

రోగము ఎట్లు పుట్టును?

గొంతువాపునకు కారణము పాశ్చురెల్లా మల్టోసిడా అను సూక్ష్మజీవి. ఆరోగ్యముగ కనబడు కొన్ని పశువుల గొంతులోనే ఇది దాగియుండును. పశువు బలముగనున్నంతకాలము దీని ఆటలు సాగవు. వేసవిలో మేత చాలక చిక్కిన పశువు తొలకరిలో తడిసి, ఆపైన అరకకు కట్టబడి అలసినపుడు శరీరపు కాపుదల సడలును. అప్పుడీ క్రిములు పెరిగి, చొంగద్వారాను ముక్కునీటిద్వారాను కుడితితొట్టికి, మేతకు చేరి పక్క పశువులకు అంటును.

శరీరపు కాపుదల

చేనికి కంచెయు కావలివాడును ఉన్నట్లే శరీరమునకును రెండు కాపుదలలు కలవు. చర్మము, ముక్కులోని జిగురుపొర కంచెవంటివి. కంచె దాటివచ్చిన క్రిములను రక్తములోని తెల్లకణములు పట్టి మ్రింగివేయును. మన కాలికి ముల్లు గ్రుచ్చుకొన్నచోట ఎర్రబడి వాచుట అందరెరిగినదే. అచ్చటి సన్నని రక్తనాళములు వెడల్పై, వాని గోడలు వదులై, తెల్లకణములును రక్తములోని నీరును ముల్లున్న చోటికి చేరుటచేత ఆ వాపు కలుగును. అనగా ఆ కొద్దిపాటి వాపు శరీరము చేయు పోరాటమునకు గుర్తు.

గొంతువాపులో చిక్కేమనగా, ఈ క్రిమిచుట్టు ఒక జిగట తొడుగు ఉండుటచే తెల్లకణములకు అది సులభముగ పట్టుబడదు. క్రిములు రక్తములో చేరి లెక్కకు మించి పెరుగును. వాని పైపొరలోని విషము రక్తమంతట వ్యాపించును. ముల్లున్నచోట మాత్రమే జరుగవలసిన పని అప్పుడు శరీరమంతట జరుగును. రక్తనాళములనుండి నీరు కారి గొంతుక్రింద, గంగడోలులో, రొమ్ముభాగమున నిలిచి గట్టివాపు పుట్టును. ఊపిరి ఆడక గురక వచ్చును, నాలుక బయటికి వ్రేలాడును. జ్వరము 104 నుండి 106 డిగ్రీల ఫారన్‌హీటు వరకు పోవును. చివరకు రక్తపోటు పడిపోయి పశువు మరణించును. ఇదంతయు తరచుగ ఒకటి రెండు రోజులలోనే ముగియును.

గడువు చాలదు

తెల్లకణములకు తోడు శరీరము మరియొక ఆయుధమును తయారుచేయును. దానిని ప్రతిరక్షకము అందురు. ఏ క్రిమికి తగిన ప్రతిరక్షకము ఆ క్రిమికే పనిచేయును. అది క్రిమికి అంటుకొన్నచో తెల్లకణములు దానిని సులభముగ పట్టగలవు. అయితే క్రొత్త క్రిమికి తగిన ప్రతిరక్షకములు చాలినంతగ తయారగుటకు రెండు మూడు వారములు పట్టును. రోగమిచ్చు గడువు ఒకటి రెండు రోజులు! ఆ పెద్దరైతు ప్రశ్నకు ఇదే జవాబు. రోగము వచ్చిననాడు వేసిన టీకా ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుటవంటిది.

ఈ రహస్యమును లూయీ పాశ్చర్ కోళ్ళ కలరాపై చేసిన పరిశోధనలలో కనుగొని 1880లో ప్రకటించెను. చాలకాలము నిలువయుంచి బలహీనపడిన క్రిములను ఎక్కించిన కోళ్ళు, తరువాత బలమైన క్రిములను ఎక్కించినను చావలేదు. ఆ కోళ్ళ కలరా క్రిమియు మన గొంతువాపు క్రిమియు ఒక్క జాతివే. పాశ్చురెల్లా అను పేరు ఆయన పేరుమీదుగ వచ్చినదే.

నేడు వేయు గొంతువాపు టీకా చంపిన క్రిములతో చేసినది. దానివలన రోగము పుట్టదు. “సూది వేసినాకనే చచ్చింది” అను మాట అచ్చటచ్చట వినబడును. అప్పటికే రోగము లోపల ప్రవేశించిన పశువునకు ఏ టీకాయు వెంటనే రక్షణ నీయజాలదు. అందుకే ఊరిలో రోగము పుట్టకముందే వేయించవలెను. సూదిచోట కొద్దివాపు, ఒకటి రెండు పూటలు పాలు తగ్గుట జరుగవచ్చును. ఒక గేదె ఖరీదుతో పోల్చిన ఆ నష్టమెంత?

ముసరరోగము టీకాల మూలముగ నిర్మూలమైనదని 2011లో ప్రకటింపబడినది. ఆ టీకా ఒకసారి వేసిన జీవితకాలము రక్షించెడిది. గొంతువాపు టీకా బలమట్లు నిలువదు. టీకా రకమునుబట్టి కొన్ని మాసములనుండి సుమారు ఒక సంవత్సరము వరకే ఉండును. కనుక ఏటేట మరల వేయింపవలసినదే.

చేయవలసిన పనులు

1. తొలకరికి మూడు నాలుగు వారములు ముందే ఊరి పశువులన్నిటికి ఒకేసారి టీకా వేయించవలెను. దూడలకు ఆరుమాసములు నిండగానే ప్రారంభించవలెను. చూడి పశువుల సంగతి పశువైద్యునికి ముందుగ చెప్పవలెను.

2. చిక్కిన పశువులో ప్రతిరక్షకములు చక్కగ తయారుకావు. వేసవిలో మేత జాగ్రత్తపరచి, నట్టల మందు త్రాగించవలెను.

3. గర్భములోని దూడకు తల్లి ప్రతిరక్షకములు అందవు. అవి ముర్రుపాలలో వచ్చును. పుట్టిన గంట రెండు గంటలలో ముర్రుపాలు త్రాగించవలెను. ఒక దినము గడచినచో దూడ ప్రేగులు వానిని గ్రహింపజాలవు.

4. మేత మానిన పశువునకు జ్వరమున్నచో వెంటనే వేరుగ కట్టి పశువైద్యశాలకు కబురంపవలెను. జ్వరము తొలిదశలో మందులు పనిచేయును. వాపు దిగి గురక మొదలైన తరువాత బ్రతికించుట కష్టము.

5. చచ్చిన పశువును చెరువులోగాని వాగులోగాని పడవేయరాదు. లోతుగ గొయ్యి తీసి సున్నము చల్లి పాతిపెట్టవలెను. గ్రామోద్యోగులు ఈ సంగతి వెంటనే పశుసంవర్ధక శాఖవారికి తెలియజేయవలెను.

టీకా పడిన రోజున గేదెలో మార్పేమియు కంటికి కనబడదు. కాని వాన కురిసి రోగము ఊరిమీద పడునాటికి దాని రక్తములో కావలి సిద్ధముగ నుండును. ఆ కావలిని పెట్టుటకు అదను వేసవి చివరి రోజులే. విత్తుటకు అదను తప్పనీయని రైతు దీనికిని అదను తప్పనీయరాదు.