జ్వరం అని చెప్పి పెట్టిన లీవు

ఈ ఎపిసోడ్ దోమకొండలో మా ఇంట్లోనే కూర్చుని రికార్డ్ చేస్తున్నా. వెనకాల కత్తెర చప్పుడు వినిపిస్తే ఏమనుకోకండి. అమ్మ బీడీలకు తునికాకు కత్తిరిస్తోంది. కాసేపు ఆపమని నేను అడగలేదు. ఎందుకు అడగలేదో చివర్లో మీకే అర్థమవుతుంది.

మీలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, ఒంట్లో బాగానే ఉంది, మనసే బాగా లేదు. దానికి కూడా లీవు పెట్టొచ్చా? పెడితే ఏమనుకుంటారు?" ఈరోజు దాని గురించే మాట్లాడుకుందాం. ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాదు, లాయర్ని కూడా కాదు. బీటెక్ చేసి, కొన్నేళ్లు హైదరాబాద్‌లో కోడ్ రాసినవాణ్ణి. కాకపోతే ఆ లీవు నేను రెండుసార్లు పెట్టాను. ఒకసారి అబద్ధం చెప్పి, ఒకసారి నిజం చెప్పి. రెండింటికీ ఎంత తేడా ఉందో చెప్పగలను.

మొదటిసారి సంగతి. ప్రాజెక్ట్ రిలీజ్ దగ్గరికొచ్చింది. ఆదివారం సాయంత్రం నుంచే కడుపులో ఏదో బరువు. ఫోన్‌లో మెసేజ్ చప్పుడైతే గుండె దడ. మూడు లైన్ల మెయిల్ రాయడానికి గంట పట్టేది. తిన్నానో లేదో గుర్తుండేది కాదు. రాత్రి మూడింటికి మెలకువ వస్తే తెల్లారేదాకా ఫ్యాన్ చూస్తూ పడుకునేవాణ్ణి. ఒక సోమవారం పొద్దున లాప్‌టాప్ తెరవడానికి చెయ్యి రాలేదు. మేనేజర్‌కి "వైరల్ ఫీవర్, మూడు రోజులు లీవు కావాలి" అని మెసేజ్ పెట్టాను.

ఆ మూడు రోజులూ రూమ్‌లో దొంగలాగా ఉన్నాను. బయటికెళ్తే ఎవరైనా చూస్తారేమోనని భయం. ఫోన్ వస్తే గొంతు నీరసంగా పెట్టి మాట్లాడాలి. నాలుగో రోజు ఆఫీసుకు వెళ్తే, మూడు రోజుల పని కూడా నా మీదే ఉంది. తప్పు మేనేజర్‌దని అనను, నేను చెప్పింది జ్వరం కదా. జ్వరం అని చెప్తే జ్వరానికి ఎన్ని రోజులిస్తారో అన్నే ఇస్తారు. జ్వరం తగ్గినవాడికి ఎంత పని చెప్తారో అంతా చెప్తారు. అసలు జబ్బుకు మందు పడలేదు, పైగా అబద్ధం చెప్పానన్న బరువొకటి కలిసింది.

ఇక్కడ ఒక విషయం తేల్చుకోవాలి. మనకున్నది అలసటా, బర్నౌటా, డిప్రెషనా? మూడూ ఒకటి కాదు.

అలసటంటే ఒళ్లు అలిసిపోవడం. రెండు రోజులు కంటినిండా నిద్రపోతే తగ్గిపోతుంది. బర్నౌట్ గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో స్పష్టంగా చెప్పింది. అది జబ్బు కాదు, పనికి సంబంధించిన పరిస్థితి. పనిచోట ఒత్తిడి చాలాకాలం సర్దుకోకుండా ఉండిపోతే వస్తుంది. గుర్తులు మూడు. ఒకటి, ఒంట్లో శక్తంతా అయిపోయినట్టు ఉండటం. రెండు, చేసే పని మీద విసుగు, వెటకారం, నాకెందుకులే అన్నట్టు దూరం జరగడం. మూడు, ఇదివరకు చేసినంత బాగా పని చెయ్యలేకపోవడం.

డిప్రెషన్ అలా కాదు, అది జబ్బే. ఆఫీసు గేటు దగ్గర ఆగిపోదు, ఇంటిదాకా వస్తుంది. మీకిష్టమైన పాట, క్రికెట్, స్నేహితులు, ఏదీ రుచించదు. నిద్ర, ఆకలి మారిపోతాయి. నేనెందుకూ పనికిరాననిపిస్తుంది. రోజులో ఎక్కువసేపు ఇలాగే ఉంటూ రెండు వారాలు దాటితే, లీవు గురించి ఆలోచించే ముందు డాక్టర్ గురించి ఆలోచించండి. ఎందుకంటే లీవు మందు కాదు. కాలు విరిగితే కట్టు కట్టించుకుని రెస్ట్ తీసుకుంటాం. కట్టు లేకుండా ఎన్ని రోజులు పడుకున్నా ఎముక వంకరగానే అతుక్కుంటుంది.

"ఇవన్నీ బలహీనుల మాటలు" అంటారు కొందరు. బెన్ స్టోక్స్ బలహీనుడా? 2021 జులైలో మానసిక ఆరోగ్యం కోసమని చెప్పి క్రికెట్‌కే విరామం ఇచ్చాడు. అప్పుడు ఇండియాతో టెస్ట్ సిరీస్ ముందుంది. డిసెంబర్‌లో యాషెస్‌కు తిరిగొచ్చాడు. 2022 నవంబర్‌లో టీ20 ప్రపంచకప్ ఫైనల్లో హాఫ్ సెంచరీ కొట్టి నాటౌట్‌గా నిలిచాడు. మన కోహ్లీ కూడా 2022లో నెల రోజులు బ్యాట్ ముట్టుకోలేదనీ, పదేళ్లలో అలా ఉండటం అదే మొదటిసారనీ చెప్పాడు. మానసికంగా కుంగిపోయానని ఒప్పుకోవడానికి సిగ్గుపడలేదు. ఆ తర్వాత సెప్టెంబర్‌లో ఆసియా కప్‌లో సెంచరీ కొట్టాడు. దాదాపు మూడేళ్ల తర్వాత వచ్చిన అంతర్జాతీయ సెంచరీ అది. రెస్ట్ తీసుకుంటే అందరికీ సెంచరీలు వస్తాయని కాదు నా మాట. ఆగడమంటే అయిపోవడం కాదు, అంతే.

సరే, రెండోసారి ఏం చేశానో చెప్తా.

మొదటి లీవు తర్వాత నాలుగు నెలలకు పరిస్థితి మళ్లీ అక్కడికే వచ్చింది. ఈసారి ముందు సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లాను. నలభై నిమిషాలు మాట్లాడారు. నాలుగు వారాల రెస్ట్ రాసి సర్టిఫికెట్ ఇచ్చారు. నా మొదటి ప్రశ్న, "సార్, ఆఫీసుకు తెలుస్తుందా?" దానికి జవాబు చట్టంలోనే ఉంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం మీ జబ్బు వివరాలు గోప్యంగా ఉంచాల్సిన బాధ్యత వైద్యం చేసేవాళ్లది. ప్రాణాపాయం, కోర్టు ఆదేశం లాంటి కొన్ని సందర్భాలు తప్ప, మీ అనుమతి లేకుండా బయటపెట్టకూడదు. అదే చట్టం ఇంకో మాట చెప్తుంది. ఒంటి జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ ఇన్సూరెన్స్ ఇవ్వాలి. కాకపోతే చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే డబ్బులిస్తాయి, ఓపీ ఫీజులకు ఇవ్వవు. మీ పాలసీ కాగితం ఒకసారి తీసి చూడండి.

లీవు లెక్క కూడా తెలుసుకోండి. మన తెలంగాణలో దుకాణాలు, సంస్థల చట్టం, 1988 ఉంది. ఏడాదిలో 240 రోజులు పనిచేసినవాళ్లకు 15 రోజుల సెలవు జీతంతో వస్తుంది. అది కాక అనారోగ్యమో, ప్రమాదమో, ఇంకేదైనా సరైన కారణమో ఉంటే ఏడాదికి 12 రోజుల దాకా జీతంతో సెలవు ఉంటుంది. అనారోగ్యం అంటే ఒంటికి వచ్చిందే అని మనమే అనుకుంటున్నాం. నెల జీతం 21 వేల లోపు ఉండి ఈఎస్‌ఐ కట్ అవుతుంటే, ఈఎస్‌ఐ డాక్టర్ సర్టిఫికెట్‌తో ఏడాదికి 91 రోజుల దాకా, జీతంలో 70 శాతం లెక్కన భత్యం వస్తుంది. చందా కట్టిన రోజులు సరిపోవాలి, అది చూసుకోండి. మాల్స్‌లో, కాల్ సెంటర్లలో పనిచేసే మన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఇది ఉందని కూడా తెలియదు.

ఇక మేనేజర్‌తో ఏం చెప్పాలి? అంతా చెప్పక్కర్లేదు, అబద్ధమూ చెప్పక్కర్లేదు. నేను రాసింది ఇంతే: "ఆరోగ్య కారణాల వల్ల డాక్టర్ నాలుగు వారాలు విశ్రాంతి తీసుకోమన్నారు. సర్టిఫికెట్ జత చేశాను. నా పనులు ఎవరికి అప్పగించాలో చెప్తే రెండు రోజుల్లో అప్పగిస్తాను." ఏం జబ్బని అడిగితే, "చికిత్స తీసుకుంటున్నాను, వివరాలు నా దగ్గరే ఉంచుకుంటాను" అన్నాను. మేనేజర్ మీద నమ్మకముంటే చెప్పండి. లేకపోతే హెచ్‌ఆర్‌తో, అదీ మెయిల్‌లోనే మాట్లాడండి. నోటి మాట రేపు గుర్తుండదు. నాకు పది రోజులు జీతం కట్ అయింది. అది ముందే లెక్కేసుకున్నా కాబట్టి తట్టుకున్నా. ఈఎంఐలు ఉన్నవాళ్లు లీవు పెట్టే ముందు ఆ లెక్క కాగితం మీద వేసుకోండి. లేకపోతే రెస్ట్ తీసుకుంటూనే డబ్బుల దిగులు పెట్టుకుంటారు.

లీవు మొదలైన రెండో రోజు కామారెడ్డి బస్సెక్కి ఊరికి వచ్చేశా. ఆఫీసు కంటే ఊరు కష్టం, నిజం చెప్తున్నా. బస్టాండ్ దగ్గర నుంచి ఇంటికొచ్చేలోపు ముగ్గురు అడిగారు, "ఏందిరా, కొలువు పోయిందా?" అని. నాలుగు రోజులయ్యాక జవాబు ఒకటి తయారు చేసుకున్నా. "పానం బాగలేదు, డాక్టర్ రెస్ట్ తీసుకోమన్నడు." అంతే. రెండో ప్రశ్నకు జవాబు చెప్పేవాణ్ణి కాదు.

మొదటి వారం నిద్రే. రెండో వారం నుంచి పొద్దున్నే గడి వైపు నడక. మా దోమకొండ గడికి 2022లో యునెస్కో అవార్డు వచ్చింది, తెలుసు కదా? శిథిలమైన కోటను ఏళ్ల తరబడి పట్టుపట్టి బాగు చేశారు, దానికి. డాక్టర్ చెప్పినట్టు మందులు వేసుకున్నా, వారానికోసారి ఫోన్‌లో కౌన్సెలింగ్. ఆయన గట్టిగా చెప్పింది రెండు మాటలు. బాగున్నానని అనిపించగానే మందులు మీరే ఆపెయ్యొద్దు. పెద్ద నిర్ణయాలు ఇప్పుడు తీసుకోవద్దు. అందుకే రాజీనామా మెయిల్ డ్రాఫ్ట్‌లోనే ఉండిపోయింది. నేను ఉద్యోగం మానేసి ఈ ఛానల్ పెట్టింది ఏడాదిన్నర తర్వాత, మనసు కుదుటపడి, లెక్కలు వేసుకున్నాకే. తిరిగి చేరేటప్పుడు మొదటి రెండు వారాలు రాత్రి కాల్స్ లేకుండా అడిగాను. సగమే ఒప్పుకున్నారు. ఆ సగమే చాలా సాయమైంది.

ఇప్పుడు అమ్మ సంగతి. మూడో వారంలో ఒక రోజు, నాకున్నదేంటో అమ్మకు అర్థమయ్యేలా చెప్పాలని కూర్చున్నా. నిద్ర పట్టకపోవడం, గుండె దడ, ఏమీ చెయ్యబుద్ధి కాకపోవడం. చాట ఒళ్లో పెట్టుకుని, చేతులు ఆపకుండా అంతా విన్నది. విని, "గివన్నీ నాకు మీ నాయిన దుబాయ్ పోయినకాడి నుంచి ఉన్నయి గదరా. నాకెవలిస్తరు లీవు?" అన్నది.

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ పూర్తిగా లేదు. వెయ్యి బీడీలకు ఇంత అని లెక్క. చెయ్యని రోజు కూలి లేదు. నా నాలుగు వారాల రెస్ట్ సంగతి చెప్తున్నప్పుడు కూడా ఆమె చేతులు ఆగలేదు. లీవు గురించి వీడియో చేసేవాడెవడైనా ఈ మాట దాటేసి వెళ్లకూడదని నా అభిప్రాయం. లీవు హక్కు ఉన్నవాళ్లు వాడుకోవాలి. లేనివాళ్లకు కనీసం వైద్యం అందాలి.

అది ఫ్రీగా ఉంది. టెలీ మానస్, నంబర్ 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం రోజున మొదలుపెట్టింది. పగలైనా రాత్రైనా చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు. అవసరమైతే డాక్టర్‌తో కలుపుతారు. కామారెడ్డిలో 2023 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. దాని ఆసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో కనుక్కుని వెళ్లండి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆసుపత్రి ఉండనే ఉంది. ఆ పేరు చెప్పి నవ్వుకోవడం ఇక మానేద్దాం. బతకొద్దనే ఆలోచన వస్తుంటే మాత్రం లీవు కోసం, అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. వెంటనే 14416కి చెయ్యండి, లేదా ఇంట్లో ఒకరిని వెంటబెట్టుకుని దగ్గరి ఆసుపత్రికి వెళ్లండి. ఒంటరిగా ఉండొద్దు.

అమ్మకు ఆ నంబర్ చెప్తే అప్పుడు నవ్వి ఊరుకుంది. ఇది జరిగి చాలా రోజులైంది. నిన్న రాత్రి ఈ ఎపిసోడ్ కోసం నోట్స్ రాసుకుంటుంటే పక్కకొచ్చి కూర్చుని, "ఆ నంబర్ ఏందన్నవ్, మల్ల జెప్పు" అన్నది. గోడ మీద క్యాలెండర్‌లో పెద్దగా రాసి పెట్టా.

మీరు కూడా రాసి పెట్టండి. మీ కోసం కాకపోతే ఇంట్లో ఇంకొకరి కోసం. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా సెలవు.