మీటింగు సాగింది.. షుగర్‌ జారింది!

మా ఓపీకి వచ్చే మధుమేహుల్లో చాలామంది ఇన్సులిన్‌ సంగతి ఆఫీసులో చెప్పరు. ప్రమోషన్‌ పోతుందని భయం. అది అర్థంలేని భయమనీ అనలేం. కానీ ఇన్సులిన్‌ తీసుకున్నాక ఒంటిగంట భోజనం మూడింటికి జరిగితే రక్తంలో గ్లూకోజు 70 మి.గ్రా. కన్నా కిందికి పడిపోవచ్చు. గ్లిమెపిరైడ్‌ వంటి మాత్రలతోనూ అంతే. చెమటలు, చేతుల వణుకు, గుండెదడ, చిరాకు, మాట తడబాటు.. పక్కవాళ్లకేమో ‘ఈయనకు కోపమెక్కువ’ అనిపిస్తుంది. తాగొచ్చాడని అనుమానించేవాళ్లూ ఉంటారు!

అప్పుడు వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి. డైట్‌ కూల్‌డ్రింకులు పనికిరావు, వాటిలో చక్కెర ఉండదు. 15 నిమిషాలయ్యాక పరీక్షించి, ఇంకా తక్కువుంటే మళ్లీ ఇవ్వాలి. కుదురుకున్నాక భోజనం. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయొద్దు, 108కు ఫోన్‌ చేయాలి. ఇది తెలిసినవాళ్లు పక్కన ఒక్కరైనా ఉండాలి కదా! అందుకే ఊరంతా చాటక్కర్లేదు గానీ పక్కసీటు వారికి, పై అధికారికి చెప్పి ఉంచండి.

అధికారులు పెట్టాల్సిన ఖర్చూ పెద్దగా లేదు. భోజనవేళ దాటనివ్వకపోవటం, షిఫ్టులు మాటిమాటికీ మార్చకపోవటం, సూది వేసుకోవటానికి తలుపున్న ఓ గది. టాయిలెట్‌లో నిలబడి వేసుకోవాల్సిన ఖర్మేమిటి? ఫ్రిజ్‌ లేదనీ బెంగ వద్దు. వాడకం మొదలెట్టిన ఇన్సులిన్‌ను 30 డిగ్రీలు మించని గదిలో సాధారణంగా 4 వారాలు ఉంచొచ్చు. రాత్రి షిఫ్టు పడితే మోతాదులు సొంతంగా మార్చుకోకండి. డ్యూటీ చార్టు తెచ్చి డాక్టరుకు చూపించండి.