పాత కారు గేర్ బాక్స్‌కు సింథటిక్ ఆయిల్: డబ్బా మీద ముందు చూడాల్సింది వేరే ఉంది

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు చాలా ఇళ్లలో ఇప్పటికీ ఒక పాత కారు ఉంటుంది. అబ్బా కొన్న మారుతి 800, గల్ఫ్ డబ్బుతో సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న క్వాలిస్, పెళ్లిళ్లకూ ఆస్పత్రికీ తిరిగే ఓమ్ని. మారుతి 800 తయారీ 2014లో ఆగిపోయింది, క్వాలిస్ అయితే 2005లోనే. ఇలాంటి బండికి గేర్ బాక్స్ విప్పాల్సి వస్తే, ఆ ఖర్చు ఒక్కోసారి కారు విలువలో పెద్ద ముక్కే తినేస్తుంది. అందుకే గేర్ వేసేటప్పుడు కర్రుమని శబ్దం రాగానే ఎవరో ఒకరు "సింథటిక్ పోయించండి భాయ్, వెన్నలాగా పడతాయి" అంటారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. పూర్తి నిజం మాత్రం కాదు.

షాపులో అడిగితే మామూలుగా ఇచ్చేది "90 ఆయిల్". ట్రాక్టర్‌కూ అదే, లారీకీ అదే, కారుకూ అదే అన్నట్టు పోసేస్తారు. కానీ 90 అనేది చిక్కదనం నంబర్ మాత్రమే. దాని కంటే ముఖ్యమైనది డబ్బా మీద ఇంకోచోట ఉంటుంది: జీఎల్-4 అనో, జీఎల్-5 అనో. మన డబ్బు నిలబడేదీ పోయేదీ ఇక్కడే.

గేర్ మార్చేటప్పుడు రెండు చక్రాల వేగాన్ని సమానం చేసేవి సింక్రో రింగులు. పాత కార్లలో ఇవి ఎక్కువగా ఇత్తడివే. జీఎల్-5 ఆయిల్‌ను డిఫరెన్షియల్‌లోని హైపాయిడ్ గేర్ల కోసం చేశారు. అక్కడ పళ్లు విపరీతమైన ఒత్తిడితో ఒకదానిపై ఒకటి జారతాయి కాబట్టి గంధకం, భాస్వరం ఉన్న మందులు జీఎల్-4లో కంటే దాదాపు రెట్టింపు కలుపుతారు. ఉక్కుకు అవి రక్ష. వేడెక్కినప్పుడు ఇత్తడిని మాత్రం నెమ్మదిగా తినేయగలవు. పైగా సింక్రో రింగు పనిచేయాలంటే కాస్త రాపిడి ఉండాలి, మరీ జారుడు ఆయిల్ పోస్తే పట్టు దొరకదు. కాబట్టి బండి పుస్తకంలో జీఎల్-4 అని ఉంటే, ఎంత ఖరీదైన సింథటిక్ జీఎల్-5 అయినా వద్దనండి. "జీఎల్-5 అంటే జీఎల్-4 కంటే పెద్దది కదా" అని కౌంటర్ మీద చెబుతారు. ఇది పదో క్లాసు, ఇంటర్ లాంటి లెక్క కాదు, రెండూ వేర్వేరు పనులకు చేసినవి.

మారుతి 800, ఆల్టో, శాంత్రో లాంటి ముందు చక్రాలు లాగే కార్లలో గేర్ బాక్స్, డిఫరెన్షియల్ ఒకే పెట్టెలో ఉంటాయి, ఆయిల్ ఒక్కటే. ఓమ్ని, క్వాలిస్, సుమో లాంటి వాటికి వెనక ఇరుసులో డిఫరెన్షియల్ విడిగా ఉంటుంది, దాని ఆయిల్ కూడా విడి. అక్కడ జీఎల్-5 సరైనదే. కొన్ని కంపెనీలు, ఉదాహరణకు హోండా, తమ మాన్యువల్ గేర్ బాక్స్‌కు ప్రత్యేకమైన పల్చటి ఆయిల్ చెబుతాయి. అందులో 90 పోస్తే గేర్లు గట్టిపడతాయి.

ఇక సింథటిక్ సంగతి. 75డబ్ల్యూ-90 అంటే గడ్డకట్టే చలిలో కూడా పారుతుంది, వేడెక్కాక 90 చిక్కదనం నిలుపుతుంది. 75డబ్ల్యూ పరీక్ష మైనస్ 40 డిగ్రీల దగ్గర, 80డబ్ల్యూ పరీక్ష మైనస్ 26 దగ్గర చేస్తారు. మదనపల్లెలో డిసెంబర్ తెల్లవారుజాము ఎంత చల్లగా ఉన్నా అంత దూరం పోదు! కాబట్టి చలి కోసమే అయితే మనకు లాభం తక్కువ. పొద్దున్నే మొదటి రెండు మూడు కిలోమీటర్లు గేర్లు కాస్త సులువుగా పడతాయి, అంతే.

అసలు లాభం వేడిలో ఉంది. హార్స్‌లీ హిల్స్ ఎక్కేటప్పుడు, తిరుపతి వైపు భాకరాపేట ఘాట్‌లో, పలమనేరు దాటాక మొగిలి ఘాట్‌లో, నిండా మనుషులతో చిన్న గేర్లలో చాలాసేపు నడిపితే ఆయిల్ బాగా కాగుతుంది. మామూలు ఆయిల్ త్వరగా ముదిరి పాడవుతుంది, సింథటిక్ ఎక్కువ కాలం తట్టుకుంటుంది. ఘాట్‌లు తిరిగే బండికి, బెంగళూరు ఎయిర్‌పోర్టుకు తరచూ పోయొచ్చే బండికి ఆ ఖర్చు నా లెక్కలో న్యాయమే. ఊళ్లో మార్కెట్‌కు, మసీదుకు తిరిగే బండికైతే మంచి కంపెనీ మామూలు జీఎల్-4 చాలు, కాకపోతే టైముకు మార్చాలి.

డబ్బు పెట్టే ముందు ఒక చిన్న పరీక్ష. ఇంజన్ ఆపి, క్లచ్ తొక్కి అన్ని గేర్లూ వేసి చూడండి. ఆపినప్పుడు సులువుగా పడి, ఇంజన్ నడుస్తుంటే అన్నీ గట్టిగా ఉంటే ముందు క్లచ్ చూపించండి, ఆయిల్ మీద అనుమానం తర్వాత. సెకండ్ గేర్ ఒక్కటే కర్రుమంటే ఆ సింక్రో రింగు అరిగిపోయి ఉండొచ్చు. అరిగిన ఇత్తడిని ఏ ఆయిలూ తిరిగి తేలేదు.

సీళ్లు ముదిరిన బండిలో కొత్త ఆయిల్ పోశాక లీకేజీ కనిపించవచ్చు. ముందే కింద తడి ఉంటే సీలు మార్పించాకే ఖరీదైన ఆయిల్ పోయించాలి.

మార్పించే రోజు బండిని ఒక పది కిలోమీటర్లు నడిపి తీసుకెళ్లండి, వేడి ఆయిల్ పూర్తిగా దిగుతుంది. మెకానిక్ భాయ్‌ను ముందు పోసే వైపు ప్లగ్ తెరవమనండి, తర్వాతే దించే ప్లగ్. పైది పట్టేసి రాకపోతే, ఖాళీ గేర్ బాక్స్‌తో బండి అక్కడే ఉండిపోతుంది. దిగిన ఆయిల్‌ను వెలుతురులో చూడండి. ప్లగ్ అయస్కాంతం మీద బూడిద రంగు పేస్టు మామూలే. బంగారు రంగు పొడి మెరిస్తే సింక్రో రింగులు అరుగుతున్నాయి. ఉక్కు ముక్కలు తగిలితే బేరింగో, గేరు పన్నో పోతోంది. పాలలాగా ఉంటే నీళ్లు చేరాయి.

కొత్త ఆయిల్ పోసేటప్పుడు బండి సమతలంగా ఉండాలి. లెవెల్ చూసే రంధ్రం ఉన్న బండి అయితే అక్కడి నుంచి ఆయిల్ అంచు దాటి కారే వరకు పోసి, ఆ చుక్కలు ఆగాక ప్లగ్ బిగించమనండి. ఖాళీ డబ్బా మాత్రం మీరే ఇంటికి తెచ్చుకుని, దాని మీద మార్కర్‌తో తేదీ, కిలోమీటర్ల రీడింగ్ రాసి పెట్టండి. వచ్చేసారి ఏ ఆయిల్ పోశారో వెతుక్కునే పని ఉండదు.