ఏటా కొత్త గేమ్.. లోపల మాత్రం పాత సరుకేనా? వీడియో గేమ్ సీక్వెల్స్ అసలు లెక్క ఇదీ!

సినిమాకు సీక్వెల్ వస్తోందంటే కథేంటి, విలన్ ఎవరు అని అడుగుతాం. అదే వీడియో గేమ్‌కు సీక్వెల్ అనగానే గేమర్లు అడిగే మొదటి ప్రశ్న.. "ఇందులో కొత్తగా ఏముంది?". కొన్ని సిరీస్‌లకు 20, 30 ఏళ్లు దాటిపోయాయి. పేరు పక్కన అంకె మారుతోంది. ధర కూడా పెరుగుతోంది. మరి ఆట మారుతోందా? నాలుగైదు వేల రూపాయలు పెట్టి కన్సోల్ గేమ్ కొనేవాళ్లకు ఇది చిన్న విషయమేం కాదు.

క్యాలెండర్ చెప్పినట్టే ఆట

ఫుట్‌బాల్ గేమ్ 'ఫిఫా'నే చూడండి. 1993లో ఈఏ కంపెనీ ఈ సిరీస్ మొదలుపెట్టింది. అప్పటి నుంచి ఏటా ఒక గేమ్ దించుతూనే ఉంది. ఫిఫా సంస్థతో ఒప్పందం ముగియడంతో 2023లో పేరు 'ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ 24'గా మారింది. పేరు మారినా లెక్క మాత్రం అదే.. ఏడాదికి ఒకటి రావాల్సిందే.

ఆ 12 నెలల్లో కొత్త ఆటగాళ్లు, జెర్సీలు, స్టేడియాలు, కామెంటరీ అన్నీ సిద్ధం కావాలి. ఇదంతా పోగా ఆటను మళ్లీ మొదటి నుంచి ఆలోచించడానికి మిగిలే టైమ్ ఎంత? దీనికి పెద్ద ఉదాహరణ నింటెండో స్విచ్. ఆ కన్సోల్‌పై ఫిఫా 20 నుంచి ఫిఫా 23 వరకు వరుసగా 'లెగసీ ఎడిషన్' పేరుతోనే వచ్చాయి. టీమ్‌లు, జెర్సీలు అప్‌డేట్ అయ్యాయి. ఆడే తీరు మాత్రం దాదాపు అలాగే ఉంది. అయినా ప్రతిసారీ విడి గేమ్‌గానే అమ్మారు.

ఇదే పరిస్థితిలో జపాన్ కంపెనీ కొనామి ఏం చేసిందో తెలుసా? 2020లో తన ఫుట్‌బాల్ గేమ్ 'పెస్ 2021'ను 'సీజన్ అప్‌డేట్' అని ఓపెన్‌గా చెప్పి, తక్కువ ధరకే అమ్మింది. ఆ టైమ్‌ను తర్వాతి గేమ్ తయారీకి వాడుకుంటున్నామని చెప్పింది.

క్రికెట్ 07 చెప్పిన పాఠం

మన కుర్రాళ్లకు బాగా తెలిసిన ఉదాహరణ కూడా ఒకటుంది. అదే ఈఏ స్పోర్ట్స్ 'క్రికెట్ 07'. 2006 నవంబర్‌లో వచ్చింది. దాని తర్వాత ఈఏ ఈ సిరీస్‌ను ఆపేసింది. ఐపీఎల్ మొదలైంది 2008లో. అంటే ఈ గేమ్‌లో ఐపీఎల్ ఉండే ఛాన్సే లేదు. కానీ ఫ్యాన్సే ప్యాచ్‌లు తయారు చేసి ఐపీఎల్ టీమ్‌లు, కొత్త జెర్సీలు, కొత్త ఆటగాళ్లను అందులోకి తెచ్చేశారు.

ఇక్కడే అసలు పాయింట్ ఉంది. టీమ్ లిస్ట్, జెర్సీలు మార్చడం అభిమానులు ఇంట్లో కూర్చుని ఫ్రీగా చేసిన పనే. ప్రత్యర్థి జట్టు ఆలోచించే తీరు, బంతి కదలిక లాంటివి మార్చడం మాత్రం అంత తేలిక కాదు. కంపెనీ చేయాల్సిన పని అది. సీక్వెల్‌కు డబ్బు అడిగేది అందుకే అయ్యుండాలి.

బ్రేక్ తీసుకుంటే ఏమైంది?

యుబిసాఫ్ట్ వాళ్ల 'అసాసిన్స్ క్రీడ్' కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 2009 నుంచి 2015 వరకు ఏటా ఒక మెయిన్ గేమ్ వచ్చింది. 2014లో వచ్చిన 'యూనిటీ' బగ్‌లతో నవ్వులపాలైంది. కొన్ని సీన్లలో పాత్రల ముఖాలే మాయమయ్యాయి! కంపెనీ క్షమాపణ చెప్పి, అదనపు కథను ఫ్రీగా ఇచ్చింది. 2016లో మెయిన్ గేమ్‌కు బ్రేక్ ఇచ్చేసింది.

2017లో పురాతన ఈజిప్ట్ నేపథ్యంతో 'ఆరిజిన్స్' వచ్చింది. ఫైటింగ్ పద్ధతి మొత్తం మారిపోయింది. సిరీస్‌కు మళ్లీ ఊపొచ్చింది. అయితే తర్వాత వచ్చిన 'ఒడిస్సీ', 'వల్హల్లా' కూడా అదే బాటలో, మరింత భారీగా వచ్చాయి. మళ్లీ "బోర్ కొడుతోంది, మరీ సాగదీస్తున్నారు" అన్న విమర్శలు మొదలయ్యాయి. చివరికి 2023లో 'మిరాజ్'తో చిన్న సైజు గేమ్‌కు తిరిగొచ్చారు. నిన్నటి కొత్తదనం రేపటి ఫార్ములా అవుతుందంటే ఇదే.

మ్యాప్ పాతదే.. ఆట కొత్తది

మరి కొత్తదనం అంటే కొత్త లోకం, కొత్త గ్రాఫిక్స్ అనుకోవాలా? నింటెండో 'జెల్డా' సిరీస్ దీనికి వేరే సమాధానం చెప్పింది. 2017లో వచ్చిన 'బ్రెత్ ఆఫ్ ది వైల్డ్' మ్యాప్‌నే 2023 నాటి 'టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్'లోనూ వాడారు. పైన ఆకాశ దీవులు, కింద పాతాళం కలిపారు. వాటికంటే ముఖ్యంగా వస్తువులను ఒకదానికొకటి అతికించి బండ్లు, పడవలు, ఎగిరే యంత్రాలు తయారు చేసుకునే శక్తిని ప్లేయర్ చేతికిచ్చారు. మూడు రోజుల్లో కోటి కాపీలకు పైగా అమ్ముడుపోయాయి. ఆరేళ్ల గ్యాప్ అక్కడ పనిచేసింది.

మారిస్తే ఒప్పుకుంటారా?

ఇక్కడ తప్పంతా కంపెనీలదే అనలేం. 2016లో 'కాల్ ఆఫ్ డ్యూటీ' సిరీస్‌ను అంతరిక్షంలోకి తీసుకెళ్లారు. 'ఇన్ఫినిట్ వార్‌ఫేర్' ట్రైలర్‌కు యూట్యూబ్‌లో 30 లక్షలకు పైగా డిస్‌లైక్‌లు పడ్డాయి. మరుసటి ఏడాదే రెండో ప్రపంచ యుద్ధం కథతో పాత దారికి వచ్చేశారు. ఇటు కొనామి కూడా 2021లో తన గేమ్‌ను 'ఈఫుట్‌బాల్'గా మార్చి ఫ్రీగా ఇచ్చింది. సగం ఉడికిన గేమ్‌తో రిలీజ్ రోజే విమర్శల పాలై, క్షమాపణ చెప్పింది. రిస్క్ తీసుకుంటే దెబ్బ తగులుతుందన్న భయం ఊరికే రాలేదు.

పైగా డబ్బు సంగతి ఉంది. ఫిఫాలోని 'అల్టిమేట్ టీమ్'లో ప్యాక్‌లు కొని ఆటగాళ్లను పోగేసుకుంటారు. కొత్త ఏడాది గేమ్ రాగానే మళ్లీ సున్నా నుంచి మొదలు. ఇలాంటి ఆన్‌లైన్ ఆదాయమే ఈఏ సంపాదనలో సగానికి పైగా ఉంటోంది. నడుస్తున్న బండిని విప్పి మళ్లీ బిగించాలని ఎవరికుంటుంది?

మొబైల్ గేమర్లు ఇప్పటికే తేల్చేశారు

ఫోన్‌లో బీజీఎంఐ ఆడేవాళ్లకు ఈ గొడవే లేదు. 2021లో వచ్చిన గేమ్‌కే కొత్త మోడ్‌లు, మ్యాప్‌లు అప్‌డేట్‌గా వస్తుంటాయి. అదే ఏడాది క్రాఫ్టన్ 'పబ్జీ న్యూ స్టేట్' అంటూ మరో గేమ్ తెచ్చినా మనవాళ్లలో ఎక్కువ మంది బీజీఎంఐని వదల్లేదు. స్కిన్‌లకు డబ్బు అడుగుతారు నిజమే. కానీ గేమ్‌ను ఏటా మళ్లీ కొనమని అడగరు. అప్‌డేట్‌తో సరిపోయే పనికి కన్సోల్‌పై కొత్త గేమ్ ధర ఎందుకన్న ప్రశ్న అక్కడి నుంచే వస్తోంది.

కొనే ముందు ఈ మూడు చూడండి

ఒకటి.. కొత్త గేమ్‌లో మారింది టీమ్‌లు, స్కిన్‌లేనా? లేక మీరు చేయగలిగే పని మారిందా? రెండు.. గత గేమ్‌లో మీరు డబ్బు పెట్టి కొన్నవి ఇందులోకి వస్తాయా? మూడు.. ట్రైలర్ చూసి ఆగిపోకుండా, రిలీజ్ అయ్యాక ఎవరైనా ఆడిన ఎడిట్ చేయని వీడియో ఒక అరగంట చూశారా?

మూడింటికీ సరైన సమాధానం దొరక్కపోతే తొందరేం లేదు. ఏటా వచ్చే స్పోర్ట్స్ గేమ్‌లు కొన్ని నెలలకే డిస్కౌంట్‌లో దొరుకుతాయి. అప్పటిదాకా పాత గేమ్ హ్యాపీగా ఆడుకోవచ్చు.