గర్భధారణలో అనారోగ్య సెలవు

గర్భధారణలో అనారోగ్య సెలవు అనగా గర్భం వలన కలిగిన జబ్బుకు ఉద్యోగిని ప్రసూతి సెలవు కాక విడిగా పొందే సెలవు. చిత్తూరు, తిరుపతి జిల్లాలలోని ప్రభుత్వోద్యోగినులకు, శ్రీసిటీ వంటి పారిశ్రామిక వాడల కార్మికులకు వేర్వేరు నిబంధనలు వర్తిస్తాయి.

ప్రభుత్వోద్యోగినులు

ప్రసూతి సెలవును 2010లో 120 రోజుల నుండి 180 రోజులకు పెంచారు. దీనిని సెలవుల ఖాతా నుండి తగ్గించరు. కాన్పుకు ముందే జబ్బుపడినచో వైద్య ధ్రువపత్రంపై అర్ధవేతన సెలవు తీసుకొనవచ్చును. దానిని పూర్తి జీతంతో కమ్యూటెడ్ సెలవుగా మార్చుకున్నచో 10 రోజులకు ఖాతాలో 20 రోజులు తగ్గుతాయి. తానుగా కోరి వాడుకుంటే తప్ప ఆర్జిత సెలవు తగ్గదు.

కార్మికులు

1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ ప్రకారం, బ్రతికివున్న పిల్లలు ఇద్దరికంటే తక్కువగా ఉన్నవారికి 26 వారాల సెలవు లభించింది. ఇందులో కాన్పుకు ముందు 8 వారాలకు మించరాదు. గర్భం, కాన్పు, నెలలు నిండని ప్రసవం, గర్భస్రావం వలన జబ్బు చేసినచో, రుజువు చూపినమీదట, వేతనంతో మరొక నెల వరకు అదనపు సెలవు ఉంటుంది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి, 2020 ఈ హక్కులను కొనసాగించింది.

వార్షిక సెలవుకు కావలసిన పనిదినాల లెక్కలో ప్రసూతి సెలవును కలుపుతారు. అయితే ఆ రోజులపై కొత్త సెలవు చేరదు.

ఈఎస్ఐ పరిధిలోని వారికి మామూలు జబ్బుకు సగటు వేతనంలో 70 శాతం, గర్భసంబంధమైన జబ్బుకు పూర్తి సగటు వేతనం లభిస్తుంది. కావున జబ్బు గర్భం వలన కలిగినదని ధ్రువపత్రంలో ఉండుట ముఖ్యము.