తెల్లపొడి డబ్బా: తల్లిదండ్రులు, యౌవనస్థులు తెలిసికొనవలసిన సంగతులు



కొద్దికాలము క్రిందట ఒక ఆదివారము శంషాబాద్ దగ్గరి ఒక సంఘమును దర్శించాము. ఆరాధన ముగిసి అందరూ ఇళ్లకు బయలుదేరుతుండగా ఒక తల్లి మా దగ్గరకు వచ్చి, చేతిసంచిలో నుండి నల్లని ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసి మా ముందు పెట్టినది.

"అయ్యగారూ, మా చిన్నోడు దినాం పొద్దుగాల జిమ్ముకు పొయ్యి, వచ్చినంక ఈ తెల్లపొడి నీళ్లల్ల కలుపుకొని తాగుతున్నడు. అడిగితే మందు గాదంటడు. వాళ్ల నాయిన కిడ్నీలు చెడిపొయ్యి వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు పోతున్నడు. వీనికి గూడ ఏమన్న అయితదేమో అని నాకు నిద్ర వడ్తలేదు" అన్నది.

కుమారునికి ఇరవై మూడేళ్లు. విమానాశ్రయములో సరుకు మూటలు ఎక్కించి దించే పని. ఇంకొక మంచి ఉద్యోగమునకు పిలుపు వచ్చి రక్తపరీక్ష చేయించుకొంటే, అందులో క్రియాటినిన్ కొంచెము ఎక్కువగా ఉన్నదని వ్రాశారు. డబ్బా మీద చూస్తే క్రియాటిన్ అని ఉన్నది. రెండు పేర్లూ ఒకటే అనుకొని ఆ తల్లి గుండె జారిపోయినది. కుమారుడు ఈ పొడి సంగతి డాక్టరుగారికి చెప్పనే లేదు.

ఆ ఇంటి భయము ఒక్క ఇంటిది కాదని మాకు తోచినది. 2008 మార్చిలో శంషాబాద్‌లో విమానాశ్రయము ప్రారంభమైన తరువాత ఆ చుట్టుప్రక్కల బ్రతుకుతెరువే మారిపోయినది. తండ్రులు పొలములో నాగలి పట్టి, బస్తాలు మోసి కండ పెంచుకొన్నారు. కుమారులు కార్గోలో, సెక్యూరిటీలో, క్యాబులలో పనిచేస్తూ జిమ్ములో ఇనుము ఎత్తుతున్నారు. కానిస్టేబుల్ పరీక్షకు సిద్ధపడే పిల్లలు మరికొందరు. ఇది చెడ్డ అలవాటు కాదు. త్రాగుడుకు పోయే సాయంత్రము వ్యాయామమునకు పోతే మనము సంతోషించాలి. అయితే ఆ జిమ్ములోనే ఈ డబ్బాలూ చేతులు మారుతున్నవి. అందుచేత ఈ పొడి ఏమిటో, ఎవరికి తగునో, ఎవరికి తగదో ఇక్కడ వివరిస్తున్నాము.

ఇది ఏమిటి?

క్రియాటిన్ మత్తుమందు కాదు, స్టెరాయిడ్ కాదు. మన శరీరములో సహజముగా ఉండే పదార్థమే. 1832లో షెవ్రుల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త దీనిని మాంసములో కనుగొన్నాడు. మన కాలేయము, మూత్రపిండములు కలిసి రోజుకు సుమారు ఒక గ్రాము తయారు చేస్తవి. మాంసము, చేపలు తినేవారికి ఆహారము ద్వారా మరికొంత అందుతుంది. శరీరములోని క్రియాటిన్‌లో నూటికి 95 వంతులు కండరములలోనే ఉంటుంది.

ఇది చేసే పని ఒక ఇంటి పోలికతో చెప్పవచ్చు. గాదె నిండా వడ్లు ఉన్నా, పొద్దుపోయిన తరువాత చుట్టము వస్తే గాదె తెరచి, వడ్లు దంచి వండలేము గదా! వంటింటి కుండలో సిద్ధముగా ఉన్న బియ్యమే అప్పటికి ఆదుకొంటుంది. మనము తిన్న అన్నము, కొవ్వు గాదెలోని వడ్ల వంటివి. కండరములోని క్రియాటిన్ కుండలోని బియ్యము వంటిది. బరువు ఒక్కసారిగా పైకెత్తినప్పుడు, ఉన్నట్టుండి పరుగెత్తినప్పుడు మొదటి పది సెకన్ల వరకు శక్తిని వెంటవెంటనే అందించేది ఇదే. పొడి త్రాగితే ఆ కుండ మరికాస్త నిండుతుంది. అంతే.

మేలు ఎంత?

పొడిగా తీసుకొంటే కండరములలో క్రియాటిన్ పెరుగుతుందని 1992లో హారిస్, హల్ట్‌మన్ మొదలైన శాస్త్రవేత్తలు నిరూపించారు. అదే సంవత్సరము బార్సిలోనా ఒలింపిక్స్ తరువాత క్రీడాకారులలో దీని పేరు మారుమ్రోగినది. దీనిని ఒలింపిక్స్‌లో నిషేధించలేదు.

మేలు ఉన్నది గాని జిమ్ములో చెప్పేంత లేదు. బరువులెత్తే వ్యాయామముతో పాటు కొన్ని వారములు వాడినవారికి, వాడనివారికంటె సుమారు ఒక కిలో కండ అదనముగా కనబడుతుందని అనేక పరిశీలనలు చెబుతున్నవి. అందులో కొంత నీరే. క్రియాటిన్ కండరములలోనికి నీటిని లాగుతుంది గనుక మొదటి వారములోనే ఒకటి రెండు కిలోల బరువు పెరగవచ్చు. అది చూసి "కండ వచ్చేసింది" అని మురిసిపోరాదు. అందరికీ ఒకే విధముగా పనిచేయదు కూడా. మాంసము తినని వారి కండరములలో క్రియాటిన్ తక్కువ ఉంటుంది గనుక వారికి తేడా ఎక్కువగా కనబడుతుంది. వ్యాయామము చేయకుండా పొడి మాత్రమే త్రాగితే కండ రాదు.

కానిస్టేబుల్ పరీక్షకు పోయేవారు ఒక మాట గుర్తుంచుకోవాలి. షాట్‌పుట్ విసరుటకు, లాంగ్ జంప్‌కు ఒక్క క్షణపు బలము కావాలి. అందులో ఇది కొంత సహాయపడవచ్చు. 1600 మీటర్ల పరుగుకు కావలసినది దమ్ము. పెరిగిన నీటి బరువు అక్కడ కాళ్లకు భారమే. పరీక్షకు వారము ముందు కొత్తగా మొదలుపెట్టుట తెలివైన పని కాదు.

డబ్బా కొనేముందు

క్రియాటిన్ మోనోహైడ్రేట్ అనే రకమే పరిశోధనలలో ఎక్కువగా పరీక్షకు నిలిచినది. వెల కూడా తక్కువే. హైడ్రోక్లోరైడ్ అనీ, ఇంకొకటనీ కొత్త పేర్లతో ఎక్కువ ధరకు అమ్మేవి దీనికంటె మేలైనవని రుజువు లేదు. డబ్బా మీద "కావలసిన పదార్థములు" అనే చోట ఈ ఒక్క పేరే ఉండాలి. పది పేర్లు కలిసిన మిశ్రమము వద్దు. అందులో ఏది ఎంత ఉన్నదో తెలియదు. కొన్నింటిలో గుండె దడ పుట్టించేంత కెఫీన్ ఉంటుంది.

తరువాత ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. గుర్తు, దాని ప్రక్కన 14 అంకెల లైసెన్సు నంబరు చూడండి. ఆ నంబరును ఆ సంస్థ వెబ్‌సైటులో వెదకితే ఏ కంపెనీదో తెలుస్తుంది. బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, గడువు తేదీ ఉండాలి. విదేశపు సరుకైతే మన దేశములో దిగుమతి చేసినవారి పేరు, చిరునామా తప్పక ఉండాలి. "ఇన్‌ఫార్మ్‌డ్ స్పోర్ట్" లేక "ఎన్.ఎస్.ఎఫ్. సర్టిఫైడ్ ఫర్ స్పోర్ట్" అనే ముద్ర ఉంటే, నిషేధిత పదార్థముల కొరకు బయటి సంస్థ కూడా పరీక్షించినదని అర్థము. సీలు లేని డబ్బా, కవరులో పోసి ఇచ్చే పొడి, సగము ధరకు వచ్చే "ఫారిన్ మాలు", బిల్లు ఇవ్వని బేరము – వీటి జోలికి పోవద్దు. ఆ ఆదివారము మేము చూసిన డబ్బా మీద విదేశపు పేరు పెద్ద అక్షరములతో ఉన్నది గాని, దిగుమతిదారుని పేరు ఎక్కడా లేదు!

ఎంత, ఎలా?

ఆరోగ్యవంతుడైన పెద్దవానికి రోజుకు 3 నుండి 5 గ్రాములు చాలును. డబ్బాలో వచ్చే చెంచా ఎన్ని గ్రాములదో చదివి, తలకొట్టి కొలవండి. గోపురముగా తీయవద్దు. మొదటి వారము రోజుకు 20 గ్రాములు నాలుగుసార్లుగా త్రాగమని కొందరు చెబుతారు. అలా చేస్తే కుండ త్వరగా నిండుతుంది. రోజుకు 3 గ్రాములతోనైనా నాలుగు వారములలో అంతే నిండుతుంది. తొందరపడితే కడుపు ఉబ్బరము, విరేచనములు రావచ్చు. రోజుకు మూడు గ్రాముల లెక్కన 250 గ్రాముల డబ్బా ఒక్కరికి 80 రోజులకు పైగా వస్తుంది. నెలకే డబ్బా అయిపోతుంటే కొలత తప్పుతున్నదని గ్రహించండి.

ఉదయమా, సాయంత్రమా అన్నది ముఖ్యము కాదు. భోజనము తరువాత తీసుకొంటే కడుపుకు సుఖము. కలిపిన వెంటనే త్రాగాలి. ఎండలో బరువులు మోసే పనివారు దాహము కాకముందే నీళ్లు త్రాగుతుండాలి.

ఎవరు వాడరాదు?

మూత్రపిండముల జబ్బు ఉన్నవారు డాక్టరు అనుమతి లేనిదే ముట్టరాదు. షుగరు, బి.పి. ఉన్నవారు, ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉన్నవారు ముందుగా రక్తములో క్రియాటినిన్, మూత్రములో ఆల్బుమిన్ పరీక్ష చేయించుకోవాలి. శ్రీకాకుళము జిల్లా ఉద్దానము ప్రాంతములో ఏళ్ల తరబడి కిడ్నీ జబ్బు ఎన్నో కుటుంబములను పీడిస్తున్నది. దానికి కారణము ఇంకా పూర్తిగా తేలలేదు. అటువైపు నుండి పనికై హైదరాబాదు వచ్చిన యౌవనస్థులు ఈ పరీక్షను అశ్రద్ధ చేయరాదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పదునెనిమిది ఏళ్లు నిండని పిల్లలు సొంతముగా దీనిని మొదలుపెట్టరాదు.

ఇక ఆ రెండు పేర్ల తికమక. కండరములలోని క్రియాటిన్ రోజూ కొంత అరిగి క్రియాటినిన్ అనే వ్యర్థముగా మారుతుంది. మూత్రపిండములు దానిని బయటకు పంపుతవి. రక్తములో అది పెరిగితే కిడ్నీలు సరిగా వడపోయుట లేదేమో అని డాక్టర్లు అనుమానిస్తారు. అయితే పొడి త్రాగేవారిలో కిడ్నీలు బాగుగా ఉన్నా ఆ అంకె కొద్దిగా పెరగవచ్చు. పొయ్యిలో కట్టెలు ఎక్కువ పెడితే బూడిదా ఎక్కువే వస్తుంది గదా! ఆరోగ్యవంతులపై సంవత్సరముల పాటు జరిపిన పరిశీలనలలో తగిన మోతాదు వలన మూత్రపిండములు చెడినట్లు కనబడలేదు. అలాగని అంకె పెరిగిన ప్రతిసారీ "పొడి వల్లనేలే" అని ఊరకుండుట ప్రాణాపాయము. అది పొడి వలననో జబ్బు వలననో తేల్చవలసినది డాక్టరే. మనము నిజము చెబితేనే ఆయన తేల్చగలడు.

పొడికంటె పెద్ద ప్రమాదము

చాలాచోట్ల మొదట పొడి అమ్మిన చెయ్యే తరువాత సూది చూపిస్తుంది. ఆపరేషను సమయములో పడిపోయిన రక్తపోటును పెంచుటకు వాడే మెఫెంటర్మైన్ ఇంజెక్షన్లను వ్యాయామము చేసేవారికి దొంగచాటుగా అమ్ముతుండగా ఇటీవలి సంవత్సరములలో హైదరాబాదులో అధికారులు పట్టుకొన్నారు. అది గుండెను దెబ్బతీస్తుంది, అలవాటుగా మారుతుంది. స్టెరాయిడ్ సూదులు కాలేయమును, గుండెను, సంతానము కలిగే శక్తిని పాడుచేస్తవి. ఉన్నట్టుండి కోపము, వీపు నిండా మొటిమలు, మగపిల్లలకు రొమ్ము ఉబ్బుట, రెండు నెలలలోనే నమ్మలేనంత కండ – ఇవి కనబడితే తల్లిదండ్రులు మౌనముగా ఉండరాదు. కేకలు వేయకుండా, ప్రక్కన కూర్చుండబెట్టుకొని అడగండి. భయపడిన బిడ్డ డబ్బా దాచుకొంటాడు; నమ్మిన బిడ్డ తెచ్చి చూపిస్తాడు.

ముందు పళ్లెము, తరువాత డబ్బా

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార సూచనలలో, కండ పెంచుకొనుటకు ప్రోటీన్ పొడులను ఆశ్రయించక మంచి ఆహారము నుండే మాంసకృత్తులు పొందమని చెప్పినది. ప్రోటీన్ పొడి వేరు, క్రియాటిన్ వేరు. అయినా ఆ సలహాలోని బుద్ధి రెండింటికీ వర్తిస్తుంది. సామాన్యముగా పెద్దవానికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అనగా 60 కిలోల మనిషికి సుమారు 50 గ్రాములు. బరువులెత్తేవారికి కొంత ఎక్కువ. ఒక గ్రుడ్డులో 6 గ్రాములు, గ్లాసు పాలలో సుమారు 6 గ్రాములు, గుప్పెడు పల్లీలలో 7 గ్రాముల వరకు ఉంటవి. పప్పు, శనగలు, చేపలు, కోడికూర మన ఇంటివే. కొడుకు డబ్బాకు పెట్టే సొమ్ముతో ఇంటిల్లిపాదికి ఎన్ని గ్రుడ్లు వస్తవో ఒక్కసారి లెక్క వేసి చూడండి. పళ్లెములో పప్పు పలుచగా ఉండి, రాత్రి డ్యూటీలతో నిద్ర లేక, డబ్బాకు మాత్రము అప్పు చేయుట పునాది లేని గోడ కట్టుటయే.

శ్రీకాకుళము జిల్లా పల్లెలో పుట్టిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో మొత్తము 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకము గెలిచిన మొదటి భారత మహిళ అయినది. ఆ ఎత్తు వెనుక ఏళ్ల తరబడి సాధన ఉన్నది. ఏ డబ్బా ఆ ఏళ్లను తగ్గించలేదు.

ఆ యౌవనస్థుని సంగతి చెప్పి ముగిస్తాము. ఆ వారములోనే తల్లీ కుమారుడూ డబ్బా చేతబట్టుకొని డాక్టరుగారి దగ్గరకు వెళ్లారు. ఆయన కోపపడలేదు. పొడి మానిపించి, నాలుగు వారముల తరువాత రక్తము, మూత్రము మరల పరీక్ష చేయించారు. అంకె మామూలుకు వచ్చినది. మూత్రములో దోషమేమీ లేదు. అయినా తండ్రి జబ్బును బట్టి ఈ పొడి నీకు వద్దు, సంవత్సరమునకు ఒకసారి పరీక్ష మాత్రము మానవద్దు అని చెప్పారు. కుమారుడు ఒప్పుకొన్నాడు. జిమ్ము మానలేదు. ఇప్పుడు తల్లి రోజూ రెండు గ్రుడ్లు ఉడకబెట్టి డబ్బాలో పెట్టి పంపుతున్నది – అదే నల్లడబ్బా, బాగుగా కడిగి.